బాపు పేరుతో నేనడిగిన పన్నెండు ప్రశ్నలు

మా బాపు పరువు, నా తెలివి, ఒక ఎమ్మెల్యే అభ్యర్థి చిరునవ్వు, ఈ మూడూ ఒకే శుక్రవారం పావుగంటలో ఎలా కుప్పకూలబోయాయో చెబుతాను. తప్పు పూర్తిగా నాదే. మధ్యలో ఎక్కడైనా ఆ అభ్యర్థిదో, ఇంకెవరిదో అనిపిస్తే, అది నేను నా వైపు లాగి చెప్పడం వల్ల అనుకోండి.

అప్పుడు నేను ఖతర్‌లో, బర్వా అల్ బరాహా అనే కార్మికుల క్వార్టర్లలో ఉండేవాణ్ణి. లుసైల్‌లో ఒక సైటుకి స్టోర్‌కీపర్‌ని. నా కింది మంచం లింగన్నది. మా పక్క ఊరాయన, మేస్త్రీ, నాకంటే పదేళ్ళు పెద్ద. శుక్రవారం పొద్దున్నే ఆయన కోడికూర పొయ్యి మీద పెడితే ఆ వరండాలో ఎవడూ నిద్రపోయేవాడు కాదు. ఇప్పుడు నాకు ఇంతకంటే మంచి గది ఉంది, మంచం కూడా పెద్దదే. అయినా శుక్రవారం వచ్చిందంటే ఆ ఇరుకు గదే గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

ఊళ్ళో ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఖతర్‌లో ఉన్న మాకు ఓటు వేసే వీల్లేదు గానీ ఇంటివాళ్ళు ఎవరికి వేయాలో మమ్మల్నే అడిగేవాళ్ళు. దుబాయ్‌లో ఉన్నవాడికి లోకం తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. నేనున్నది దుబాయ్ కాదని చెప్పడం నేనెప్పుడో మానేశాను. లోకం తెలియదని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఒకరోజు ఫోన్‌లో అభ్యర్థి వీడియో వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని "మీ ఆరోగ్యమే నా ఊపిరి" అంటున్నాడు. లింగన్న ఉల్లిగడ్డలు కోస్తూ తల పక్కకు తిప్పి చూశాడు.

"మీ ఊళ్ళె నర్సమ్మనే లేకపాయె. గీన ఊపిరి ఏడికెళ్లి పీలుస్తుండు?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. బాపుకి షుగర్. కాలి బొటనవేలి దగ్గర పుండు పడి మానడం లేదు. ఊళ్ళోని ఆరోగ్య ఉపకేంద్రానికి రెండేళ్ళుగా తాళం. కట్టు మార్పించుకోవడానికి బాపు రోజు విడిచి రోజు ఆటోలో పట్నం వెళ్ళేవాడు. ఆటో దొరకని రోజు మానేసేవాడు. ఇలా కట్టు తప్పిస్తే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టర్ చెప్పేశాడు. బాపు ఆ సంగతి నాతో అనలేదు, అవ్వ, అంటే మా అమ్మ, చెప్పింది.

సరే, పరిశోధన మొదలుపెట్టాను. నేను కాగితం చూపించకపోతే మేకు కూడా ఇవ్వని స్టోర్‌కీపర్‌ని. అభ్యర్థి మాటని మాత్రం ఊరికే తీసుకుంటానా? ఆయన పాత అఫిడవిట్ ఇంటర్నెట్‌లో దొరికింది. అందులో కార్లున్నాయి, బంగారం ఉంది, మా నర్సు లేదు. అంతకుముందు ఆయన జిల్లా పరిషత్ సభ్యుడు. కాబట్టి అక్కడి సమావేశాల్లో వైద్యం గురించి ఏం మాట్లాడాడో, ఏం ఉత్తరాలు రాశాడో సమాచార హక్కు కింద అడుగుదామనిపించింది. మూడు రాత్రులు కూర్చుని పన్నెండు ప్రశ్నలు రాశాను. రాసి నాకు నేనే రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

ఇక్కడే నా బుర్ర మరీ పదునుగా పనిచేసింది. నా పేరుతో పెడితే కంపెనీ ఏమంటుందోనని భయం. జవాబు వచ్చే చిరునామా ఎలాగూ మా ఇల్లే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో ఇంటిల్లిపాది కార్డులూ ఉంటాయి కదా, బాపు ఆధార్ తీసి బాపు పేరుతోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేశాను.

"బాపుకు చెప్పినవా?" అన్నాడు లింగన్న.

"ఎందుకన్నా, ఊకె భయపడ్తడు. జవాబు అచ్చినంక చెప్త."

"జవాబు నీకు రాదుర. ఆయనకస్తది."

"అస్తే ఫోన్ చేస్తడు గద."

నా పథకం మొత్తం అంతే. అందులో ఒక చిన్న సంగతి మరిచిపోయాను. మా బాపు చదువు సంతకం దాకానే. ఇంటికి ఏ కాగితం వచ్చినా ఎవరో ఒకరితో చదివించుకోవాలి.

నెల దాటింది, నేను దరఖాస్తు సంగతే మరిచాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం లింగన్నా నేనూ దోహా బజారు దగ్గరి ముషైరిబ్‌లో మెట్రో దిగాం. ఆయన సెలవు మీద ఊరికి వెళ్తున్నాడు, దుప్పట్లు కొనాలి. స్టేషన్ దాటకముందే బాపు వీడియో కాల్ వచ్చింది. బాపుకి వీడియో కాల్ అయినా ఫోన్ చెవికి పెట్టుకునే అలవాటు. తెర నిండా బాపు చెవి, ఆ వెనక కొంచెం షామియానా కనిపించాయి.

"బిడ్డా, సర్కారు కాగితం అచ్చింది. నా పింఛనుదే అయి ఉంటది. సారు మనూరికే అచ్చిండు, ఆయనతోని చదివిపిస్తున్న. నువ్వు గూడ ఇను."

"ఏ సారు బాపూ?"

"ఓట్లకు నిలవడ్డ సారు."

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "కాగితం ఎంత మందం ఉంది?"

"ఇటికపెల్లంత ఉంది."

పింఛను కాగితం ఇటుకంత ఉండదని నాకు తెలుసు. మీకూ తెలుసు.

"బాపూ, నా మాటిను. అది వాపస్ తీస్కో. సారుకు ఇయ్యకు."

"ఇచ్చిన గదరా. పాపం మంచిగ తీసుకున్నడు. మైకుల చదువుతడట, నలుగురింటె మంచిదని."

ముసలాయన పింఛను కాగితాన్ని ఊరందరి ముందూ చదివి పెడితే ఎంత బాగుంటుందో ఆ అభ్యర్థికి తెలుసు. కెమెరాలు కూడా పిలిపించుకున్నాడేమో. మైకులో ఆయన గొంతు ఖంగుమని నా చెవిలో పడింది.

"ఒకటో ప్రశ్న. ప్రస్తుత అభ్యర్థి గారు జిల్లా పరిషత్ సభ్యులుగా ఉన్నప్పుడు మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం గురించి ఎన్ని సమావేశాల్లో మాట్లాడారు? జవాబు. మాట్లాడినట్టు రికార్డులో..."

మైకు ఆగింది.

"లింగన్నా, చచ్చిన," అన్నాను.

"నువ్వెందుకు సస్తవు. బాపున్నడు గదా ముంగట," అన్నాడాయన.

"చదువుండ్రి సారూ, ఆగిండ్రేంది," అని బాపు అడగడం వినిపించింది. సారు కాగితాల కట్టని పక్కనున్న తన మనిషికి అందించినట్టున్నాడు. తర్వాత తెలిసింది, తీసేయమని ఇచ్చాడట. ఆ మనిషి మాత్రం చదవమని ఇచ్చాడనుకున్నాడు. అంత విధేయుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. వార్తలు చదివినట్టు చదివాడు.

"రెండో ప్రశ్న. ఈ ఊరి నర్సును వేరే ఊరికి పంపమని ఉత్తరం రాసింది ఎవరు? జవాబు. పై సభ్యులు గారే. సదరు వేరే ఊరు వారి సొంత ఊరు. ఉత్తరం నకలు జతపరచడమైనది."

ఆపైన మైకు కట్ అయింది. ముషైరిబ్ స్టేషన్‌లో నేను చల్లటి ఏసీ కింద నిలబడి చెమటలు కక్కుతున్నాను. ఈసారి సారు గొంతు మైకు లేకుండా వచ్చింది.

"ఈ దరఖాస్తు ఎవరు పెట్టిండ్రు?"

విధేయుడు కాగితం అడుగునున్న బాపు పేరు చదివాడు.

నేను ఫోన్‌లో "నాకు తెల్వదను బాపూ, నాకు తెల్వదను" అని గొణుగుతూనే ఉన్నాను. ఫోన్ చెవికే ఉంది, వినిపించే ఉంటుంది. నేను చేసిన పనేమిటో కూడా అర్థమయ్యే ఉంటుంది.

"నేనే పెట్టిన," అన్నాడు బాపు. "కాలుకు పుండయింది సారూ. పట్టీ కట్టేటామె ఏడికి వోయిందో ఎరుక లేక అడిగిన. తప్పా?"

సిగ్గేసింది, ఏడుపొచ్చింది. నేను కంపెనీకి భయపడి నా పేరు దాచుకున్నాను. కాగితం చదవలేని మనిషి ఊరి ముందు నిలబడి ఆ పేరు తనదేనన్నాడు. మా బాపు మీద నాకు అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

ఊరంతా చూస్తోంది. సారు ఏమంటాడు? "తప్పేం లేదు. సోమవారం నర్సమ్మ అస్తది," అన్నాడు.

సాయంత్రం బాపు మళ్ళీ ఫోన్ చేశాడు. తిడతాడని ఫోన్ చెవికి దూరంగా పెట్టుకున్నాను.

"దరఖాస్తుల నా పేరెందుకు పెట్టినవురా?"

"తప్పయింది బాపూ."

"ముందుగాల చెప్తే పదమూడోది గూడ అడుగుతుంటిమి గద."

సోమవారం నర్సమ్మ నిజంగానే వచ్చింది. మా పరిశోధన అంతా చివరికి అభ్యర్థికే పనికొచ్చింది. ప్రతి సభలోనూ "మూడు రోజుల్లో నర్సును తెచ్చాను" అని చెప్పుకుని గెలిచేశాడు. అంతకుముందు తీసుకెళ్ళింది ఎవరో చెప్పలేదు. నర్సమ్మకి మాత్రం ఆ దరఖాస్తు పేరు బాగా గుర్తుంది. సారు ఊళ్ళో, తన సొంతింటికి దగ్గరగా ఉన్న ఉద్యోగం పోయిందని ఆమె కోపం. బాపు కాలి పట్టీని ఒక్క గుంజు గుంజేది. "పన్నెండు సార్లు గుంజినంక ఊకుంటదనుకున్న, ఊకుంటలేదు" అనేవాడు బాపు. ఎంత గుంజినా కట్టు మాత్రం ఏ రోజూ తప్పలేదు. మూడు నెలలకు పుండు మానింది, వేలు నిలిచింది.

లింగన్న ఆ సెలవు మీద వెళ్ళి మళ్ళీ రాలేదు. ఊళ్ళోనే ఇళ్ళు కట్టిస్తున్నాడు. పోయినసారి నేను వెళ్ళినప్పుడు ఆయన, బాపు, నేను అరుగు మీద కూర్చుని ఇదంతా తలుచుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలోనే నేను లేచి, చెయ్యి ముందుకు చాచి, ఘనంగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ బాపు పేరుతో సర్కారుకి ఒక్క అక్షరం రాయను, ఏదడిగినా నా పేరుతో నేనే అడుగుతాను అని.

బాపు నవ్వాపి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"పశువుల డాక్టరు అస్తలేడు, గది రాయాలె. నా పేరే పెట్టు. నీ పేరుకు ఊళ్ళె ఎవ్వలు భయపడరు."