డాక్టర్ సాబ్ మా ఇంట్లో ఉంచిన అడుగు

కరీంనగర్‌లో బస్సు దిగి, రిక్షా మాట్లాడుకుంటూ డాక్టర్ సాబ్ ఇంటి గుర్తులు చెబుతున్నాను. రిక్షా అతను సీటు మీది నుంచి కిందికి దిగాడు.

"గా కాళ్ల డాక్టర్ సాబ్ ఇంటికా? మీకు ఎర్కలేదా కాకా? నిన్న పొద్దుగాల పోయిండు. చాయ్ తాగుకుంటనే పక్కకు ఒరిగిండట."

నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. ఎంతో సంబురంగా బయల్దేరిన ముఖం, మాట చెవిన పడినా వెంటనే మారలేదు. పక్కన నా బిడ్డ, ఆమె చంకలో నా మనవడు, నా చేతిలో కొత్త బియ్యం మూట.

"వేరే డాక్టర్ అయి ఉంటడు. జర మంచిగ యాది చేస్కో తమ్మీ," అన్నాను.

"వంకర కాళ్లు సక్కగ చేసే సాబే కాకా. మా అక్క కొడుకు కాళ్లు గూడ ఆయనే చేసిండు," అని అతను తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఇది చదివే అయ్యలారా, అమ్మలారా! నేను నాలుగో తరగతి దాకా చదివినవాణ్ని, అదీ ఉర్దూలో. మాట పొందిక లేకపోతే మన్నించండి. ఆ పొద్దు మేము ఎందుకంత సంతోషంగా పోతున్నామో చెబితేనే ఆయన ఎవరో మీకు తెలుస్తుంది.

మాది పెద్దపల్లి దగ్గర పల్లె. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు నా బిడ్డ పుట్టింది. రెండు పాదాలూ లోపలికి తిరిగి, అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టుండేవి. అప్పుడే కొత్తగా కరీంనగర్ వచ్చిన డాక్టర్ సాబ్ ఆ పాదాలను వేళ్లతో మెల్లగా తిప్పి పిండికట్టు వేశారు. వారం వారం కట్టు విప్పడం, ఇంకాస్త తిప్పి మళ్లీ కట్టడం. కత్తి పెట్టలేదు. దేవుడి దయ, ఆయన దయ, కాళ్లు చక్కబడ్డాయి. దండం పెట్టి సెలవు తీసుకోబోతే ఆయన నవ్వారు.

"యాడికి పోతవు? అసలు పని ఇప్పుడే మొదలైంది. పసితనంల సక్కగైన కాలు పెద్దయినంక గూడ సక్కగనే ఉంటదా? ఎవల్నడిగినా ఉంటదనే అంటరు. ఎన్కవడి చూసినోడు లేడు. నేను చూస్త."

చెప్పినట్టే ఊరికి వచ్చారు. అడుగు ముద్ర తీయాలని, మా ఇంట్లో గడపలకు పూసే జాజు అడిగారు. పిల్ల పాదాన్ని ఆ ఎర్ర నీళ్లలో ముంచబోతే నన్ను కన్న అవ్వ ఉరికొచ్చి పిల్లను లాక్కుంది. మా దిక్కు మనిషి ప్రాణం పోయిన చోట రాత్రి పిండి జల్లించి, దీపం పెట్టి, గంప బోర్లిస్తారు. తెల్లారి గంప ఎత్తి, పోయినవాళ్ల అడుగు పడిందా అని చూస్తారు.

"సచ్చినోళ్ల అడుగు సూస్తరు సారూ! బతికున్న పసిదాని అడుగు తీస్తరా? నీ సదువు మన్నువడ!"

డాక్టర్ సాబ్ అక్కడే కింద కూర్చుని బూటు విప్పి, తన కాలే జాజులో ముంచి కాగితం మీద ఒత్తారు.

"ముందుగాల నాది తీస్కో అవ్వా. నా అడుగు నీ తాన ఉంటది, నీ మనవరాలిది నా తాన ఉంటది. పరీక్ష ఐపోయిననాడు ఎవలది వాళ్లకు ఇచ్చేసుకుందం."

"నీకేమన్న ఐతే?"

"పరీక్ష ఐపోకముందు నాకేమైతది అవ్వా!"

అవ్వకు నవ్వాగలేదు. పిల్లను ఇచ్చింది. ఆ కాగితం చుట్టి తన సందూకలో పెట్టుకుంది.

"పరీక్ష ఎన్నడైపోతది సారూ?" అని నేనడిగాను.

"ఈమె పెండ్లయి, తన పిల్లను సంకనేసుకొని నడిచిననాడు. బరువు మోసినప్పుడే కాలు సంగతి తెలుస్తది."

ఏటా నాట్ల వేళ వచ్చేవారు. పొలం బురదలో నా బిడ్డను నడిపించి, పాంటు మడిచి, ఆ అడుగుల పక్కన చెంప నేలకు ఆనేంత వంగి చూసేవారు. గట్టు మీది ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏం సారూ, ఎండ్రికాయలు పడ్తున్నరా?"

"దొరికితే మీకే ఇస్త. కూర వండి నాకింత పెట్టుండ్రి!"

చూడటం అయ్యాక ఎప్పుడూ ఒకే మాట: "మడిమె సక్కగ పడ్డది." ఆ మాట విన్న ఏడు నాకు రెండు పంటలు పండినట్టే.

ఒక్క ఏడు మాత్రం అనలేదు. బిడ్డ బడికి పోయే వయసులో ఎడమ పాదం మళ్లీ కొంచెం లోపలికి తిరిగింది. మళ్లీ కట్లు మొదలుపెట్టి, ఆ సంగతి తన కాగితాల్లో రాసుకున్నారు. నాకు మనసొప్పలేదు.

"గిది రాయకుండ్రి సారూ. మీ వైద్యం పనిచెయ్యలే అంటరు."

"అననీ. గిది దాస్తే, రేపు ఇసొంటి పిల్లనే చూసే ఇంకో డాక్టర్‌ను నేను మోసం చేసినట్టు."

ఆ పాదం కూడా దారికొచ్చింది. బిడ్డ బతుకమ్మ ఆడుతుంటే అందరూ పూలు చూసేవారు, నేను ఆమె కాళ్లు చూసేవాణ్ని. పెళ్లయింది. కొడుకు పుట్టాడు. చంకనేసుకుని వాకిట్లో నడుస్తుంటే అవ్వ సందూక తెరిచింది.

"పరీక్ష ఐపోయింది. ఆయన అడుగు ఆయనకిచ్చి రా కొడుకా," అని ఆ కాగితాన్ని బియ్యం మూటలో పెట్టింది.

ఆ మూటతోనే ఆయన ఇంటి గుమ్మంలో నిలబడ్డాను. లోపల అప్పుడే గంప ఎత్తారు. దీపం ఇంకా వెలుగుతోంది. ఎవరో పెద్దామె వంగి చూసి, "ఏం లే. ఒక్క గీత గూడ లే," అంది. డాక్టర్ సాబ్ భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

ఆమె చూపు నా బిడ్డ మీద పడింది, చంకలోని పిల్లవాడి మీద పడింది.

"పెద్దపల్లి కాడి పిల్లవు గదా? ఈ నెలల వస్తదని మొన్నటిదాక నీ ముచ్చటే చెప్పిండు." లేచి నిలబడింది. "నడువు బిడ్డా. పిల్లగాణ్ని దించకు."

"పిండి తొక్కుతదా?" అంది పెద్దామె.

"తొక్కనియ్యి. ఆయన సూడాలనుకున్నది గీ అడుగే."

నా బిడ్డ నా వైపు చూసింది. నేను తలూపాను. పిల్లవాణ్ని గట్టిగా పట్టుకుని, గడప దాటి, పిండి మీదుగా దీపం దాకా నడిచింది. ఆమె దాటిపోయాక డాక్టర్ సాబ్ భార్య మోకాళ్ల మీద కూర్చుంది. మా పొలంలో ఆయన వంగినట్టే, చెంప నేలకు ఆనేంత వంగి చాలాసేపు చూసింది.

"మడిమె సక్కగ పడ్డది," అంది.

నేను మూట విప్పాను. అవ్వ పంపిన కాగితం తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని నా బిడ్డ అడుగుల పక్కన, పిండి మీద పరిచింది. ఎన్నో ఏళ్లు చుట్టి ఉన్న కాగితం, పరిచినా మళ్లీ చుట్టుకుపోతోంది. ఆమె మా కొత్త బియ్యం తీసి నాలుగు మూలలా గుప్పెడు గుప్పెడు పోసింది. అప్పుడు నిలిచింది, ఆయన ఎర్రని అడుగు.