పుల్పిట్ మీది గూడబాతు

హన్నా టీచరుగారికి నచ్చనివాళ్ల పేర్లు రాయాలంటే రాజోలు కొట్లలోని తెల్లకాగితాలన్నీ కొన్నా చాలవు. మైకు దొరికితే వదలని పాస్టర్లు, ఒక్క బైబిలు వాక్యం నోటికి రాకపోయినా మెడలో చారెడు సిలువ వేలాడదీసే కుర్రాళ్లు, బండి వెనక చేపబొమ్మ అంటించుకుని తిరిగే ఉద్యోగస్తులు. "ఆ చేప ఏంటో తెలుసా?" అని ఒకణ్ణి నిలబెట్టి అడిగితే "పులసేమోనండీ" అన్నాడు. పులసట! రోమా వాళ్ల కత్తుల కింద ప్రాణాలు అరచేతిలో పెట్టుకు బతికిన విశ్వాసులు ఒకర్నొకరు పోల్చుకోడానికి గీసుకున్నారని చెప్పే గుర్తు, ఈ అప్రాచ్యుడికి కూరగిన్నెలో కనబడింది.

డెబ్బై ఒకటో ఏట కూడా ఆవిడ నోరు అలాగే ఉంది. హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్లు సోషలు చెప్పింది. ఊరి చర్చిలో నలభై ఏళ్లు సండేస్కూలు నడిపింది. ఇన్నేళ్లలో ఆవిడ ప్రేమగా చూసింది మాత్రం మనుషుల్ని కాదు, చర్చిలో పాస్టరు నిలబడి ప్రసంగం చేసే పుల్పిట్‌కి ముందువైపున్న టేకు పిట్టని.

తల వంచి రొమ్ము పొడుచుకుంటున్న పిట్ట, కింద నోళ్లు తెరిచిన మూడు పిల్లలు. చెక్కినవాడు రథాలకి గరుత్మంతుణ్ణి చెక్కి చెయ్యి తిరిగిన వడ్రంగి. అందుకే ముక్కు కాస్త వంకర తిరిగింది. కూలికి నాట్లు వేసిన హన్నా నాయనమ్మ శనివారం శనివారం ఆ పిట్టకి కొబ్బరినూనె రాసేది. "నాలాంటి తల్లే ఇది" అనేది. ఆవిడ పోయాక నూనెగిన్నె హన్నా చేతికొచ్చింది.

ఇప్పుడు సుధీర్ ఆ పిట్ట మీద పడ్డాడు. సుధీర్ బ్యాంకు మేనేజరు, సంఘానికి కార్యదర్శి, ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. ఏడో తరగతిలో కాపీ కొట్టి దొరికిన ఘనుడు. పాత పుల్పిట్ తీసేసి, లోపల నీలం లైటు వెలిగే ఫైబరు బల్ల పెట్టిద్దామని సంఘాన్ని సమావేశపరిచాడు. పెళ్లి రిసెప్షన్లలో ఐస్‌క్రీం పెట్టే బల్లలా ఉంది వాడు తెచ్చి చూపించిన బొమ్మ. పుల్పిట్ పోతే పోయింది, పిట్టని మాత్రం కదలనివ్వకూడదని హన్నా ముందువరసలో కూర్చుంది.

"అసలు ఆ పిట్ట మన గుళ్లో ఎందుకండీ?" అన్నాడు సుధీర్. "అది గరుత్మంతుడండీ. ముక్కు చూడండి, మీకే తెలుస్తుంది."

హన్నా లేచింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! గరుత్మంతుడు ఎప్పుడైనా పిల్లలకి రక్తం తాగించేడ్రా? అది గూడబాతు. కరువులో మేత దొరక్క పిల్లలు చచ్చిపోతుంటే తల్లి తన రొమ్ము తనే చీల్చుకుని రక్తం పట్టి బతికించిందని పూర్వం క్రైస్తవులు చెప్పుకున్నారు. నిజానికి ఆ పిట్ట చీల్చుకోదు. సంచిలాంటి ముక్కులోంచి చేపల్ని బయటికి తియ్యడానికి ముక్కుని రొమ్ముకేసి నొక్కుతుంది, అంతే. దూరాన్నుంచి చూసినవాళ్లు పొరబడ్డారు. కానీ ఆ పొరపాట్లోనే వాళ్లకి సిలువ మీద రక్తం కార్చిన ప్రభువు కనబడ్డాడు. ప్రభుబల్ల దగ్గర మీరు తాగే ద్రాక్షరసం అర్థం అదేరా, మొద్దుల్లారా!"

పాటలు పాడే శాంతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. హన్నా గెలిచానని కూర్చోబోయింది.

"ఆయ్, చాలా బావుందండీ" అన్నాడు సుధీర్ మెల్లిగా. వాడి గొంతులో వెటకారం లేదు. "నాలుగో తరగతిలో ఉండగా సండేస్కూల్లో నేను మిమ్మల్ని ఇదే అడిగేనండీ, ఇదేం పిట్టని. నీ మొహానికి పిట్టొకటా, ముందు పది ఆజ్ఞలు అప్పచెప్పమని తొడపాశం పెట్టేరు. ఇక్కడ సగంమందిమి మీ దగ్గర చదువుకున్నోళ్లమే కదండీ. ఒక్కళ్లకైనా ఈ ముక్క చెప్పేరాండీ?"

హన్నా వెనక్కి తిరిగి చూసింది. అన్నీ తెలిసిన మొహాలే. ఎవరు ఏ వచనం దగ్గర తడబడేవారో, ఎవరికి ఎన్ని దెబ్బలు పడ్డాయో అన్నీ గుర్తున్నాయి. పిట్ట కథ చెప్పినట్టు మాత్రం ఎక్కడా గుర్తులేదు. ఈ మట్టిబుర్రలకి ఇదెక్కడ ఎక్కుతుందిలే అనుకుంది నలభై ఏళ్లూ. నూనె రాసుకుంటూ ఆ కథని తనొక్కతే దాచుకుంది. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

చేతులెత్తమన్నారు. కొత్త బల్లకే ఎక్కువ చేతులు లేచాయి. శాంతి చెయ్యి కూడా లేచింది. అప్పుడే విన్న కథ కోసం, ముచ్చటపడి కోరుకున్న నీలం లైటుని ఎవరు వదులుకుంటారు?

పిట్టని ఊడదీసి, పాత దుప్పట్లో చుట్టి ఆవిడ చేతికిచ్చారు. వీధిలో సత్యదుర్గారావు ఆటో ఉంటే ఎక్కి, మూట ఒళ్లో పెట్టుకుంది. దుప్పటి జారి ముక్కు బయటపడింది. అతను అద్దంలోంచి చూశాడు.

"గరుత్మంతుడాండీ, టీచరుగారూ?"

'నీ మొహం' అనబోయి, ఆ మాట గొంతులోనే మింగేసింది.

"ఇంజను ఆపు నాయనా" అంది. "చెప్తాను, విను."