అద్దం కింద విష్ణు చోటు

ఏపీ ఎక్స్‌ప్రెస్ దిగి కరోల్ బాగ్ పక్కన రాజేంద్ర నగర్ సందుల్లోకి వచ్చిన ప్రతి తెలుగు కుర్రాణ్ణీ ఎవరో ఒకరు ముందుగా విష్ణు గదికే చేర్చేవారు. ఇంటావిడతో "ఆంటీజీ, బుద్ధిమంతుడు, పాటలు గట్టిగా పెట్టడు" అని అడ్డంగా అబద్ధమాడి గది ఇప్పించేది విష్ణు. ఎవరి కోచింగుకు వెళ్లాలో, ఎవరిది వట్టి గొంతేనో చెప్పేది విష్ణు. భూగోళం పటాలు ముందేసుకుని అర్థమయ్యేదాకా విసుక్కోకుండా చెప్పేదీ అతనే. అలా అతని చాప మీద కూర్చుని చదివినవాళ్లు కలెక్టర్లయ్యారు, ఎస్పీలయ్యారు. అతను మాత్రం విష్ణన్నగానే మిగిలాడు. ఆ సివిల్స్ పరీక్షకు కళ్లు లేవని తిట్టుకున్నా ఏం లాభం, దానికి చెవులూ లేవు.

ఆ సందుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. మే నెలలో సివిల్స్ ఫలితాలొచ్చి ఎవరికైనా ర్యాంకొస్తే, ఆ శని ఆదివారాలు వాళ్ల ఖాతాలో క్వాలిస్ బండి మాట్లాడుకుని అందరూ నైనీతాల్ వెళ్లాలి. అక్కడ చెరువులో పడవెక్కాలి. ర్యాంకొచ్చినవాడి మెడలో పడవవాడు బంతిపూల దండ వెయ్యాలి. అప్పుడు విష్ణు తన రీలు కెమెరాతో ఫోటో తియ్యాలి. అందుకే ఏ ఏటి ఫోటోలోనూ విష్ణు లేడు.

ప్రతి ఏడూ ఆ ఫోటో కాపీ ఒకటి అద్దంకిలో ఉన్న అక్క ఉమకు పోస్టులో వెళ్లేది. అమ్మానాన్నా పోయాక విష్ణును పెంచింది ఆమే. హైస్కూల్లో టీచరు. తన బల్ల మీది అద్దం కింద ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టుకుంది. "మా తమ్ముడి శిష్యులు" అని వచ్చిన వాళ్లందరికీ చూపించేది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట.

"మధ్యలో నీకు చోటు ఉంచా రా. ఎవురిదీ పెట్టనీను."

రెండువేల నాలుగు వేసవిలో, విష్ణు గదిలోనే ఉంటూ చదివిన చైతుకు ర్యాంకొచ్చింది. షాజహాన్ రోడ్డులో పరీక్షల ఆఫీసు గోడకంటించిన జాబితాలో చైతు పేరు ముందుగా చూసింది విష్ణే. తన పేరు వెతుక్కునే పని అతనికి లేదు. ఆ ఏడాది అతను మెయిన్స్ కూడా దాటలేదు, ఆ ప్రయత్నంతో వయసూ దాటిపోయింది. ఇక రాయడానికి లేదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు, అక్కకు తప్ప. ఆమెతో మాత్రం ఇంటర్వ్యూకి వెళ్లొచ్చానని ఏప్రిల్‌లోనే అనేశాడు. ఫలితాలు పేపర్లో చూసి ఆమె ఫోన్ చేస్తే, "రెండో జాబితా ఒకటుందక్కా, అందులో రావచ్చు" అని దాని మీద ఇంకోటి అల్లాడు. ఆమె నమ్మింది. ఆమె నమ్మడమే అతన్ని నిద్రపోనివ్వలేదు.

శనివారం తెల్లవారకముందే బయల్దేరారు. గఢ్ ముక్తేశ్వర్ దగ్గర గంగ మీది వంతెనెక్కగానే అలవాటు ప్రకారం కిటికీల్లోంచి చిల్లర విసిరారు. మొరాదాబాద్‌లో లారీల మధ్య ఇరుక్కుని ఉడికిపోయారు. హల్ద్వానీ దాటి ఘాట్ రోడ్డెక్కాక కుర్రాళ్లలో ఒకడైన శశిధర్ రెండుసార్లు బండాపించి వాంతి చేసుకున్నాడు. పైకి చేరాక, చల్లగాలి తగిలేసరికి మళ్లీ వాడికే నోరు లేచింది.

"దీనికింత పేరెందుకన్నా? మా ఊరి చెరువు ఇంతకు రెండింతలుంటది."

"మరి అక్కడే తిరగకపోయావా, నా డబ్బులన్నా మిగిలేవి" అన్నాడు చైతు.

కేబుల్ కారెక్కి స్నో వ్యూ కొండ మీదికి వెళ్తే మసక తప్ప మంచు కనబడలేదు. మాల్ రోడ్డంతా తిరిగారు. టిబెటన్ అంగళ్లలో మోమోలు తిన్నారు. నైనాదేవి గుడి దగ్గర విష్ణు ఎప్పటిలాగే బంతిపూల దండ కొన్నాడు. అక్కకు ఎప్పటిలాగే ఒక రంగు కొవ్వొత్తి కొన్నాడు. నవ్వాల్సిన చోటల్లా నవ్వాడు. ఎవరికీ అనుమానం రాలేదు, వచ్చినా అడిగే ధైర్యం లేదు.

సాయంత్రం పడవల రేవుకు దిగారు. పడవవాడు పూరన్ దూరం నుంచే విష్ణును గుర్తుపట్టి చెయ్యూపాడు. అందరూ ఎక్కాక విష్ణు దండ అతని చేతికిచ్చి, "సాబ్‌కు వెయ్యి భయ్యా" అని కెమెరా తీస్తున్నాడు. పూరన్ తెడ్డు పక్కన పెట్టి, ఎవరినీ అడక్కుండా ఆ దండను విష్ణు మెడలో వేసేశాడు.

"ముబారక్ హో సాబ్! ఏటేటా వేరేవాళ్లను తెస్తారు. ఇన్నాళ్లకు మీ వంతొచ్చింది. నాకు తెలుసు, వస్తుందని."

కాదని ఎవరైనా చెప్పాలి. ఎవరు చెబుతారు? చైతు గబుక్కున లేచి, పడవ ఊగిపోతుంటే, విష్ణు చేతిలోంచి కెమెరా లాక్కున్నాడు.

"అన్నా, ఇటు చూడు!"

విష్ణు చూశాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ తరవాత ఎంత ఆలోచించినా అతనికి అంతుపట్టలేదు. పూల తడి మెడకు చల్లగా తగులుతుంటే, అద్దంకిలో ఆ అద్దం కింది ఖాళీ చోటు అతని కళ్లముందు కదిలింది. సరిగ్గా ఒక ఫోటో పట్టేంత చోటు.

ఆ పొద్దుగూకే వేళ చెరువు గట్టు బెంచీ మీద విష్ణు పక్కన చైతు చేరాడు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. ఆ ఫోటో అక్కకు పంపెయ్. రెండో జాబితాలో వచ్చిందని చెప్పు. తరవాతెప్పుడో ఉద్యోగం నచ్చక మానేశానను, ఇంకేదో అను. ఆమె కూడా ఎన్నాళ్లని చూస్తది?"

చైతు ప్రేమతోనే అన్నాడు. విష్ణుకు కోపం రాలేదు. చీవాట్లు పెట్టాల్సింది పోయి, ఎలా చెబితే అక్క నమ్ముతుందా అని అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాడు. అది తెలిసి అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం పొద్దున్నే, మిగతావాళ్లు లేవకముందే, వాడిన దండ చేతికి చుట్టుకుని రేవుకు వెళ్లాడు. పూరన్ పడవలోని మెత్తలు దులుపుతున్నాడు.

"పూరన్ భాయ్, ఈ దండ నాది కాదు. పాసైంది ఆ ఎర్రచొక్కా కుర్రాడు. నాకు రాలేదు. ఇంక రాదు కూడా."

పేరు తప్ప ఊరు తెలియని మనిషికి, హిందీలో, ఆ మాట పైకి చెప్పడం అదే మొదటిసారి. చెప్పాక మెట్టు మీద కూర్చున్నాడు. పూరన్ కాసేపు తలగోక్కున్నాడు. ఓదార్చడం అతనికి రాలేదు.

"అయ్యో, మరి ఆ పిల్లాడు దండ లేకుండా పోతాడుగా సాబ్. పిలుచుకు రండి" అన్నాడు.

నిజమే. విష్ణుకు ఆ సంగతే తట్టలేదు. చైతును లేపుకొచ్చి పడవలో కూర్చోబెట్టి, ఆ వాడిన దండే వేయించి, ఫోటో తీశాడు. చైతు కళ్లు తుడుచుకుంటుంటే, "సరిగ్గా కూర్చో రా, కదిలిపోతంది" అని కసిరాడు.

తిరుగు దారిలో గఢ్ దగ్గర టీకి ఆగారు. వంతెన కింద గంగలో జనం మునుగుతున్నారు. విష్ణు టీ తాగకుండా ఎస్టీడీ బూత్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

"అక్కా, నేను."

"ఏందిరా ఆదివారం పూట? వచ్చిందా రెండో జాబితా?"

"అక్కా... రెండో జాబితాలో నేను ఉండను. ఇంటర్వ్యూకే పోలా ఈ ఏడు. నీతో అబద్ధం చెప్పా. వయసు కూడా అయిపోయింది. ఇంక రాయటానికి లేదు."

మీటరు మీద ఎర్ర అంకెలు మారిపోతున్నాయి.

"నిన్న దండేసుకుని ఫోటో కూడా దిగానక్కా. అది నీకు పంపుదామనుకున్నా" అంటూ ఏడ్చేశాడు.

ఆమె అడిగింది. "మా స్కూల్లో వాళ్లకు నేనేం చెప్పాల్రా?"

అతను చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"సర్లే. నీ ఫోటో పంపు" అని ఫోన్ పెట్టేసింది.

కరోల్ బాగ్ స్టూడియోలో రీలు కడిగించి రెండు ఫోటోలూ పంపాడు, కొవ్వొత్తితో సహా. అందిందని గాని, చూశానని గాని ఆమె అనలేదు. ఫోన్‌లో వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడేది. అతనూ ఫోటో మాటెత్తేవాడు కాదు. ఆ ఎండాకాలం తరవాత విష్ణు ఒక కోచింగు సెంటర్లో భూగోళం చెప్పే ఉద్యోగంలో కుదురుకున్నాడు. కెమెరా శశిధర్‌కిచ్చేశాడు. మళ్లీ నైనీతాల్ వెళ్లలేదు. తన ఫోటో చూసి అక్క సిగ్గుపడి చించేసి ఉంటుందని నమ్మాడు. చించినా తప్పులేదనుకున్నాడు.

రెండేళ్లు గడిచాయి. ఒకరోజు ఒక పెట్టె, ఒక భుజం సంచితో ఒకమ్మాయి గది ముందు నిలబడింది. పేరు స్నిగ్ధ. అద్దంకి అమ్మాయి. సివిల్స్‌కి చదవాలని వచ్చింది.

"ఉమా టీచర్ దగ్గర చదువుకున్నా సార్. మీ దగ్గరికే పొమ్మన్నారు. టీచర్ బల్ల మీద అద్దం కింద మీ శిష్యుల ఫోటోలన్నీ చూశా. అవి చూసే నాకీ పిచ్చి పట్టింది."

విష్ణు మాట మార్చబోయాడు. చివరికి అడగనే అడిగాడు. "మధ్యలో ఏముంది?"

"మధ్యలోదా సార్? అదొక్కటే బోర్లా పెట్టుంది. తెల్లగా వెనకవైపే కనపడతది. ఎవరిది టీచర్ అని అడిగా." అమ్మాయి నవ్వింది. "అది తిప్పే రోజు ఇంకా రాలేదులే అన్నారు."

విష్ణు వంగి ఆ అమ్మాయి పెట్టె అందుకున్నాడు. ముఖం ఆమెకు కనబడకుండా మెట్ల వైపు తిరిగి, "పదమ్మా, చీకటి పడేలోపు నీకు రూము చూడాలి" అన్నాడు.