అసిరమ్మత్త గుంజ

మా అసిరమ్మత్త ఎవర్నీ నమ్మదు. గ్యాస్ బండ వస్తే ఊపి చూసిగాని లోపల పెట్టనివ్వదు. పాలవాడి ఎదురుగానే చెంబు వంచి చూస్తుంది. నాకు చిన్నప్పుడు ఆవిడంటే నవ్వొచ్చేది, ఇప్పుడు కొంచెం భయం కూడా.

ఆవిడకున్నదల్లా చంపావతి ఏటి పక్కన ఒక మడి, ఏట్లో ఒక గుంజ. సిమెంటు ఆనకట్ట రాకముందు మా ఊరివాళ్లు ఏటికి అడ్డంగా మద్ది గుంజలు దిగ్గొట్టి, మధ్యలో తాటిదుంగలు పేర్చి, కంపా మట్టీ కూరి కాలవలోకి నీళ్లు మళ్లించేవారు. ఇంటికో గుంజ. ఆ కర్రకట్ట ఎప్పుడో కొట్టుకుపోయింది. నాలుగు మొండి గుంజలు మాత్రం పాచిపట్టి నిలబడి ఉన్నాయి. ఊరి కట్టుబాటు కూడా అలాగే నిలబడి ఉంది. గుంజ ఉన్న ఇంటివాళ్లే కాలవలో మొదటి తడి పెట్టుకోవాలి, మిగతావాళ్లు ఆ తరవాతే. వానలు మొహం చాటేసిన ఏడు చివరివాళ్ల నారు మడిలోనే ముదిరిపోతుంది.

ఈ ఏడు జూన్‌లో కృపానిధి గునపం పట్టుకుని అత్త గుంజ దగ్గర కనిపించాడు. బాప్టిస్టు చర్చి వీధి మనిషి, మా పొలాల్లో కూలిపనికి వస్తాడు. చర్చికి కొత్త కప్పు వేస్తున్నారని ఊరంతా తెలుసు. ఇంకేం కావాలి అత్తకు? తన మద్ది కర్ర అక్కడికే పోతోందని తేల్చేసింది.

"గుంజ కాడ నీకేటి పనిరా?"

"ఎవులో ఇసక తవ్వీసినారమ్మా. మొదలు వదులైపోనాది. రాళ్లు పేరుస్తన్నాను. మీ ఇంటికి మా తాత దిగ్గొట్టిన గుంజ, పోతే సూళ్లేను."

అత్త పసుపు ముద్ద తెచ్చి చాపింది. "అయితే ఇది ముట్టుకుని ఒట్టెయ్."

"ఒట్లు మేం ఎయ్యమమ్మా. అవునంటే అవును, కాదంటే కాదు."

మా ఊళ్లో పసుపు ముట్టనన్నవాడు దొంగే. చర్చిలో ఒట్టు పెట్టుకోవద్దని చెబుతారేమోనన్న ఆలోచన అత్తకు రాలేదు, వచ్చినా నమ్మేది కాదు. అతణ్ని మడిలో అడుగు పెట్టనివ్వలేదు. రోజూ ఏటికి వెళ్లి గుంజను చూసుకుని వచ్చేది. నేనూ తోడు వెళ్లేవాణ్ని.

పైన వాన పడి ఏరు ఎర్రగా దిగిన పొద్దున, గుంజ మెడకు కొత్త నైలాన్ తాడు కనిపించింది. రెండో కొస గట్టు మీది బండకు కట్టి ఉంది.

"లాగీడానికే కట్టినాడు, సూసినావా!" అంటూనే అత్త కొడవలితో తాడు తెగ్గోసింది. నేను ఆగమనేలోపే గుంజ ఒకసారి వంగి, మొదలుతో సహా లేచి, ప్రవాహంలో కొట్టుకుపోయింది.

కృపానిధి గట్టు వెంట పరిగెత్తుకొచ్చాడు. "తాడెవులు కోసినారు? గుంజ ఆగుతాదని కట్టినాను కదమ్మా!"

అత్త కొడవలి కొంగు కింద పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

నీళ్లు వదిలే రోజు ఊరంతా కాలవ దగ్గర చేరింది. వంతులు తేల్చే జగన్నాధం బావ పసుపు పళ్లెం పట్టుకుని, "అసిరమ్మ గుంజ ఏటయిపోనాది?" అన్నాడు. అందరి కళ్లూ కృపానిధి మీదికే వెళ్లాయి. గుంజ పోగొట్టుకుంటే వంతూ పోతుంది గాని, ఎవరైనా దొంగిలిస్తే పోదు, అదీ కట్టుబాటే. అత్త ఊరుకుంటే చాలు, మొదటి తడి ఆవిడదే. ఊరుకుంటుందేమోనని నాకు భయమేసింది.

అత్త ముందుకొచ్చి పసుపులో చెయ్యి పెట్టింది. "తాడు నానే కోసినాను. ఈడు నిలబెట్టిన గుంజని నానే పోగొట్టుకున్నాను. ఒట్టు."

"ఒట్టెందుకమ్మా," అన్నాడు కృపానిధి. "నువ్వు సెప్తే సాలదా?"

అత్త అతని మొహం చూడలేకపోయింది. పసుపు చెయ్యి కొంగుకు తుడుచుకుని, వరస చివరికి వెళ్లి నిలబడింది.