అమావాస్య మరునాడు

సిరిసిల్లలో నాకొక మిత్రుడున్నాడు. సాంచాలు నడుపుతాడు, మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆయన షెడ్డులో పాత చేనేత ఆనవాయితీ ఇంకా పోలేదు. ఆదివారం కాదు, అమావాస్యనాడే సెలవు. ప్రతి నెలా ఆ మరునాడే ఆయనకు ఛాతీ బిగుసుకుంటుంది, ఆయాసం వస్తుంది. రెండు మూడు రోజులకు కాస్త సర్దుకుంటుంది. అమావాస్య గాలి సోకిందని మెడలో తాయెత్తు కట్టించారు.

ఆ తాయెత్తుతో నేను ఐదేళ్లు కొట్లాడాను. హేతువాద సభల్లో, వేదికల మీద వాదించడం నేర్చిన నోరు నాది. "చంద్రుడు కనపడకపోతే నీ ఊపిరికేంది? నీకేం గాలేదు, అంతా భయం" అనేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఏడాదిగా నవ్వడానికీ ఊపిరి చాలడం లేదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే మాత్రం రాడు.

అప్పుడే ఒక ఇంగ్లీషు పుస్తకంలో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, పాత జర్మన్ వైద్యగ్రంథం పేరు కనిపించింది. నూలు మిల్లు కార్మికుల ఊపిరితిత్తుల మీద అందులో ఒక అధ్యాయం ఉందట. అచ్చులో చూపిస్తే తాయెత్తు తెంపి నా వెంట వస్తాడనుకున్నాను. చదవని దాన్ని ఉదహరించకూడదన్నది మా చర్చల్లో మొదటి నియమం.

ఆ అధ్యాయం కోసం మా కోరుట్ల నుంచి హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి రాశాను. వాళ్లు ఫారం నింపించి, సొంత చదువుకే వాడతానని సంతకం పెట్టించుకుని, జర్మనీకి పంపారు. నెల దాటాక అక్కడి లైబ్రేరియన్ జవాబిచ్చింది: మీరిచ్చిన సంపుటం సంఖ్య తప్పు, సరైనది మా దగ్గర లేదు, మరో ఊరి గ్రంథాలయాన్ని అడిగాను. ఇంకొన్ని వారాలకు స్కాన్ చేసిన పేజీలు వచ్చాయి. ముక్కూ మొహం తెలియని మనిషి నా తప్పు దిద్ది మరీ వెతికిపెట్టింది. సంతోషపడాల్సింది. అప్పటికే అలిసిపోయి ఉన్నాను. పైగా నాకు జర్మన్ రాదు.

జగిత్యాలలో మా బంధువుల అమ్మాయి నర్సు. జర్మనీ ఆస్పత్రుల్లో కొలువు కోసం ఆ భాష నేర్చుకుంటోంది. రెండు ఆదివారాలు నిఘంటువు ముందేసుకుని కూర్చుంది. ఒకచోట ఆగింది.

"తాతా, సెలవు దీసుకొని మల్ల పనికి వోయిన మొదటి రోజే నూలు దుమ్ముకు ఛాతి ఎక్కువ పట్టేస్తదంట. మీ సిరిసిల్ల దోస్తుకు గూడ గిట్లనేనా? అడిగిర్రా?"

అడగలేదు. అమావాస్య అన్న మాట వినగానే నా చెవులు మూసుకుపోయేవి. ఆయన చెప్పిన కారణం తప్పు, చెప్పిన బాధ నిజం. రెంటినీ కలిపి పారేశాను.

"పనికి పోకముందు, వచ్చినంక ఊపిరి కొలిపిస్తే తెలుస్తదంట తాతా. మా డాక్టర్‌ను అడిగిన" అంది.

అమావాస్యనాడే సిరిసిల్ల వెళ్లాను. సాంచాల చప్పుడు లేదు. ఆయన గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు. కాగితాలు చూపించి అంతా చెప్పాను.

"ఐదేండ్ల సంది నేను చెప్తే భయమంటివి. జర్మనోళ్లు చెప్తే నమ్మినవా అన్నా?" అని నవ్వబోయి దగ్గాడు. "పెండ్లికి వోయి వారమాగి అచ్చి, మల్ల సాంచ పట్టిన రోజు గూడ గంతే. నువ్వు అడగకపోతివి."

తల దించుకునే రేపటి సంగతి చెప్పాను. పొద్దున ఊపిరి కొలిపించి షెడ్డుకు వెళ్లాలి, సాయంత్రం మళ్లీ కొలిపించాలి. ఇక ఎవరూ కాదనలేరు.

లోపలినుంచి ఆయన భార్య బయటికొచ్చింది.

"రుజువు జేస్తందుకు మల్ల గా దుమ్ములకే దోలుతవా బావా? రేపు పొద్దుగూకితే గాయన ఎట్ల గిలగిలలాడుతడో నువ్వు జూసినవా? నీ కాయితానికి నా పెనిమిటే దొరికిండా?"

నా దగ్గర జవాబుంది. మంచి వాదన కూడా. చెప్పడానికి ఓపిక లేకపోయింది, మనసూ రాలేదు.

"పనికి వద్దు తీ. సీదా దవాఖానకే పోదాం" అన్నాను.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన సరేనన్నట్టు తలాడించి, తాయెత్తు వేలితో పట్టుకున్నాడు.

"మరి గిది తెంపుమంటవా?"

"ఉండనియ్. డాక్టరుకు మాత్రం పెండ్లి సంగతి గూడ చెప్పు. ఆయన గూడ అడగకపోవచ్చు."