పడడం నేర్పిన క్యాసెట్

తొంభైల చివర్లో మా చిన్నమామకు ఆబిడ్స్‌లో ఒక సందులో వీడియో లైబ్రరీ ఉండేది. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. కాలేజీ నుంచి నాంపల్లిలోని ఇంటికి పోయే దారిలో కాసేపు ఆ షాపులో కూర్చునేదాన్ని. ఒకరోజు ఎవరో తిరిగిచ్చిన తెలుగు సినిమా డబ్బా తెరిస్తే అందులో ఆ సినిమా లేదు. లేబులు లేని వేరే క్యాసెట్ ఉంది. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు.

"ఇంటికి తీస్కపోయి జర చూడు బిడ్డా, ఏంది గిది. పనికొచ్చేదైతే కిరాయికి పెడ్త."

ఆ సాయంత్రం నా దోస్తు మా ఇంట్లోనే ఉంది. నాతోపాటే చదివేది. వాళ్లది నల్గొండ దిక్కు పల్లె. నాన్న గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసు బిల్డింగుకు వాచ్‌మన్. క్యాసెట్ పెట్టగానే మా పాత వీసీఆర్‌లో బొమ్మ నలుపు తెలుపుల్లో, గీతలు గీతలుగా వచ్చింది. కెమెరా ఎక్కడో నేల మీదే ఉంది. తలుపుకు బిగించే చిన్న అద్దంలోంచి బయటికి చూస్తే మనుషులు ఎట్లా గుండ్రంగా కనిపిస్తారో, అట్లా కనిపిస్తున్నారు అందులో అబ్బాయిలు. ఒక్కొక్కడు ఒక చెక్క మీద నిలబడి వస్తాడు. ఆ చెక్క కింద చక్రాలు. మెట్ల దగ్గరికి రాగానే చెక్కతో సహా గాల్లోకి లేచి కింద దిగుతాడు. లేదంటే పడతాడు. ఎక్కువసార్లు పడటమే. మళ్లీ లేచి పైకి పోయి, అదే మెట్ల మీంచి వస్తాడు.

కథ ఎప్పుడు మొదలవుతుందా అని చాలాసేపు చూశాం. మొదలవలేదు. మధ్యలో ఒక బిల్డింగు సెక్యూరిటీ అతను వచ్చి వాళ్లను తరిమాడు. నా దోస్తు లేచి కూర్చుంది.

"మా నాయిన అసొంటోడే! పాపం, ఈళ్లు ఉరికిపోతరు, ఆయన కొలువు పోతది."

ఆమెకు ఆ మనిషి మీద జాలి. నాకేమో వాళ్ల ప్యాంట్ల మీద ధ్యాస. ఒక్కో కాలులో ఇద్దరు దూరేటంత వెడల్పు. బనీన్లు మోకాళ్ల దాకా. బూట్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. మా కాలేజీలో అబ్బాయిలు అప్పుడు పిక్కలకు అతుక్కుపోయే జీన్సు వేసుకుని తిరిగేవాళ్లు. వీళ్లు ఇంత వదులు బట్టలతో ఎట్లా దూకుతున్నారు? ఏ దేశం, ఏ ఊరు? దీన్ని ఎవరి కోసం తీశారు?

అన్నిటికంటే పెద్ద అనుమానం, ఆ చెక్క కాళ్లకు ఎట్లా అంటుకుని ఉంటున్నదని. నేను జిగురు అన్నాను. ఆమె సన్నటి తాడు అంది. మరునాడు మామ షాపులోని మంచి మిషన్‌లో పెట్టి చూశాం. అందులో రంగులు వచ్చాయి. మేము తెల్లవనుకున్న బూట్లు నీలంగా ఉన్నాయి, బూడిద రంగనుకున్న గోడ ఎర్రగా ఉంది. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి. మామ గోల పెట్టాడు.

"మిషన్ హెడ్ అరిగిపోతదే తల్లీ! ఆడు ఎన్నిసార్లు దుంకితే ఏందే మీకు?"

అప్పుడు నా దోస్తు టీవీకి ముక్కు ఆనించినంత పని చేసి, "తాడు లేదే" అంది. "ఎన్క కాలుతోని చెక్క తోక మీద కొడ్తుండు. ముంగట లేస్తుంది. ముందటి కాలుతోని పైకి గుంజుతుండు. గంతే!"

గంతే అని తెలిశాక ఇంక ఊరుకోలేకపోయాం.

నాంపల్లి స్టేషన్ దగ్గర తలుపులు చేసే వడ్రంగి ఉండేవాడు. ఆయనకు కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే, "గిది పీటనా, బండినా?" అని అడిగాడు. రెండూ కాదంటే నవ్వి, ఒక మందపాటి పలకకు రెండు చివర్లా ఏటవాలు ముక్కలు బిగించి ఇచ్చాడు. చక్రాలు పాతసామాన్ల బజారులో దొరికిన విరిగిన రోలర్ స్కేట్లవి. అవి ఇనుప చక్రాలు. రోడ్డు మీద పెట్టి తోస్తే ఆ చప్పుడుకు సందులో కుక్కలన్నీ లేచాయి. ప్యాంట్లు మా సందులోని దర్జీతో కుట్టించుకున్నాం. కొలతలు విని ఆయన టేపు పక్కన పెట్టి, "అమ్మకు తెల్సా?" అన్నాడు.

ఇక చోటు కావాలి. మా సందు నిండా గుంతలు. ఆదివారం ఆఫీసులు మూసి ఉంటాయి కాబట్టి, నా దోస్తు వాళ్ల నాన్న కాపలా ఉండే బిల్డింగు ముందు అరుగు ఖాళీ. నున్నటి షాబాదు బండలు. ఆమె అడిగితే ఆయన ఒకసారి మెట్ల దిక్కు, ఒకసారి అద్దాల దిక్కు చూశాడు.

"ఆడుకోన్రి బిడ్డా. గని మెట్ల దిక్కు పోకున్రి. అద్దాల దిక్కు అసలే పోకున్రి."

నేను చర్చి అయిపోగానే అటు పోయేదాన్ని. చెక్క మీద ఒక కాలు పెట్టి రెండో కాలుతో నేలను తోస్తే, బండల మధ్య సందు వచ్చిన ప్రతిచోటా టక్ టక్ మని అరికాళ్ల నుంచి పళ్ల దాకా తగిలేది. ఎంత బాగుండేదో! అయితే ఎగరడం ఇద్దరికీ రాలేదు. తోక మీద కొడితే చెక్క ఒక దిక్కు, మేము ఒక దిక్కు. మోచేతులు గీసుకుపోయాయి. పొడుగు చేతుల బట్టలు వేసుకుని కొన్నాళ్లు దాచాను. కానీ మా అమ్మ పెద్ద దవాఖానలో ఎముకల వార్డు నర్సు. ఒకరోజు అన్నం పెడుతూ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఏంది గిది?"

చెప్పేశాను. చెక్క పొయ్యిలోకి పోతుందనే అనుకున్నాను. అమ్మ నా చెయ్యి వదిలి, "ఏదీ, ఆ క్యాసెట్ పెట్టు" అంది.

మంచం అంచున కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని చూసింది. ప్యాంట్లు చూడలేదు, దూకడం చూడలేదు. పడిన ప్రతిసారీ "ఆపు, ఎన్కకు తిప్పు" అనేది. అట్లా నలుపు తెలుపు గీతల్లో ఒకే మనిషిని మళ్లీ మళ్లీ పడేయించింది.

"చూసినవా? చెయ్యి ఆనిస్తలేడు. భుజం మీదికెళ్లి దొర్లిండు. మా వార్డుకొచ్చేటోళ్లంత బస్సు దిగంగ జారి, చెయ్యి ఆనిచ్చి మణికట్టు ఇరగ్గొట్టుకున్నోళ్లే. గీళ్లకు గిది ఎవరు నేర్పిన్రో!"

ఆ రాత్రి హాల్లో పరుపులు వేయించి నన్ను దొర్లమంది. మరునాడు నా దోస్తును కూడా పిలిచింది. ఆమె గడ్డం కిందికి దించకుండా పడుతుంటే, "మెడ జాగ్రత్త బిడ్డా, మెడ!" అని అరిచేది. నాకు ఆడుకోవడానికి అనుమతి దొరికిందని సంతోషం. దానికంటే ఎక్కువ సంతోషం, మా అమ్మ ముఖంలో అంత కుతూహలం మొదటిసారి చూసినందుకు. వార్డులో ఆమె ఎట్లా ఉంటుందో నాకు తెలిసింది అప్పుడే.

తర్వాత ఆదివారం చర్చి నుంచి అమ్మ కూడా గన్‌ఫౌండ్రీకి వచ్చింది. కొంగు నడుముకు దోపి, చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని చెక్క ఎక్కింది. నా దోస్తు వాళ్ల నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మెల్లగా తోశాను. అరుగు మీద కొంతదూరం పోయింది. నేను చెయ్యి వదిలిన సంగతి ఆమెకు తెలియదు. తెలిశాక గట్టిగా కళ్లు మూసుకుంది, కానీ దిగలేదు. చెక్క తనంతట తానే ఆగింది.

"ఎట్లుందమ్మా?" అన్నాడు ఆయన దూరం నుంచి.

"లిఫ్టు అడ్డంగ పోయినట్టుంది అన్నా!"

ఆ కబురు విని మరో ఆదివారం మామ కూడా వచ్చాడు. ఆయన పెళ్లిళ్లకు వీడియో కూడా తీసేవాడు. ఆ పెద్ద కెమెరా తెచ్చి, క్యాసెట్‌లో లాగే అరుగు మీద బోర్లా పడుకున్నాడు. ఆ రోజే నా దోస్తు ఎగిరింది. నాలుగు చక్రాలూ నేలను విడిచాయి. అగ్గిపెట్టె దూరేటంత ఎత్తు, అంతే. దిగి, నిలబడి, "లేసిందా?" అని అడిగింది. అందరం అప్పటికే అరుస్తున్నాం.

మామ దాన్ని పెళ్లి క్యాసెట్‌లాగే తయారుచేశాడు. మేము పడే చోట్లన్నీ తిరిగే గుండె గుర్తులో వచ్చాయి. నా దోస్తు ఎగిరిన క్షణాన తామరపువ్వు విచ్చుకుని, అందులోంచి ఆమె దిగింది.

అసలు క్యాసెట్ ఎవరిదో కొన్ని వారాలకు తెలిసింది. నాంపల్లిలో కిరాయి గదిలో ఉండి చదువుకునే విదేశీ విద్యార్థి దాని కోసం వెతుక్కుంటూ షాపుకు వచ్చాడు. పొరపాటున డబ్బాలు మారాయట. మామ ఊరుకోకుండా మా వీడియో పెట్టి చూపించాడు. అతను నవ్వుతాడని నేను తల వంచుకున్నాను. అతను నవ్వలేదు. తామరపువ్వు దగ్గర ఆపి, అది ఎట్లా చేశారని అడిగాడు. అతని దగ్గరున్న మిగతా వీడియోల్లో అట్లాంటిది ఎక్కడా లేదట. పోయేముందు ఒక కాపీ చేయించుకున్నాడు. ఇనుప చక్రాలతో దూకడం ఎవరివల్లా కాదనుకున్నానని, చేసినవాళ్లను చూడటం ఇదే మొదటిసారని చెప్పాడు. నా దోస్తు అప్పుడు షాపులో లేదు. చెప్తే నమ్మలేదు.

ఇంటర్ అయిపోయింది. ఆమె డిగ్రీకి కోఠి కాలేజీలో చేరింది, నేను ఇంకో చోట. ఆ ఆఫీసు వాళ్లు అరుగు చుట్టూ ఇనుప కంచె వేశారు. సీడీలు వచ్చాక మామ షాపు మూసేసి పూర్తిగా పెళ్లిళ్లకే మళ్లాడు.

కొన్నేళ్ల తర్వాత మేమిద్దరం బషీర్‌బాగ్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాం. ఆమెకు ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఆ పని అయిపోయాక, "మనం చేసినదాని పేరేంది, చూడు" అంది. చూశాను. అట్లా ఎగరడానికి ఒక పేరుంది. నేల మీంచి మనుషులను గుండ్రంగా చూపించే ఆ కెమెరా అద్దానికీ పేరుంది. చక్రాలు మెత్తటి ప్లాస్టిక్ లాంటి దానితో చేస్తారట. అది చదివి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం, పక్క క్యాబిన్ వాళ్లు తొంగి చూసేదాకా.

"ఆడపిల్లలు గిట్ల ఆడ్తరా? అడుగు దాన్ని."

ఆ క్యాసెట్‌లో ఆడపిల్లలెవరూ లేరన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. టైపు చేశాను. ఒక ఫోటో పైనుంచి గీత గీతగా దిగడం మొదలైంది. ఆకాశం, జడ, మోచెయ్యి. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. వెడల్పు ప్యాంటు, గీసుకుపోయిన మోకాలు, దాని కింద చెక్క, చెక్క కింద చాలా ఖాళీ.

"పడ్డదా, నిలవడ్డదా?"

"ఫోటోల ఎట్ల తెలుస్తదే?"

"ఇంకోటి ఉంటది, తెర్వు" అంది, మౌస్ నా చేతిలోంచి లాక్కుంటూ.