దొంగ రాజుకు వచ్చిన ఫోన్

మా బస్సు పెద్దమ్మ పోయింది. మధ్యాహ్నం, స్టేడియం పక్క పనిలో హెల్మెట్ తీసి అన్నం డబ్బా తెరుస్తుంటే ఫోన్ మోగింది. ఆమె నంబరే. సెలవుకు వెళ్ళి నెల కాలేదు, ఏం పచ్చడి తేవాలని అడుగుతుందేమో అనుకుంటూ ఎత్తాను. గోదావరి జిల్లా నుంచి ఆమె కూతురు.

“ఏవండీ, మీరు... దొంగ రాజు గారేనాండీ? అమ్మ ఫోన్లో అలాగే ఉందండి” అని మొహమాటపడింది. తర్వాత ఏడుస్తూ చెప్పింది. పొద్దున కాఫీ తాగి, పక్కింటావిడతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒరిగిపోయిందట. గుండెపోటు. నాకు ఏడుపులోనూ నవ్వొచ్చింది. మాట్లాడుతూ కాక ఆమె ఇంకెలా పోతుంది!

ఆ పేరు సంగతి చెప్పాలి. మాది జగిత్యాల వైపు. ప్రపంచ కప్పు పనులకని ఖతర్ వచ్చి, బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో ఉంటున్న కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ని. వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం దోహా బస్సులో కూర్చుంటే, మెసైమీర్‌లో చర్చి ప్రార్థన ముగించుకుని ఒక పెద్దావిడ ఎక్కింది. తెల్లచీర, చేతిలో స్టీలు డబ్బా. సీటు సీటుకూ ఆగి పేర్లు అడగడం మొదలుపెట్టింది. నేపాలీని వదల్లేదు, బెంగాలీని వదల్లేదు. నా దగ్గరికొచ్చి, “తెలుగు ముఖమే! పేరేంటి బాబూ? ఏ ఊరు?” అంది.

పరాయి దేశంలో పేరు అడిగేవాళ్ళంటే నాకు భయం. అప్పటికి నా ఐడీ కార్డు కూడా చేతికి రాలేదు. “రాజు” అన్నాను. ఊరూ తప్పే చెప్పాను.

ఆరు నెలలు ఆమె “రాజూ, రాజూ” అంటూ పులిహోర పెట్టింది, నేను సిగ్గు లేకుండా తిన్నాను. ఎడమ చెవి వినపడదని ఎప్పుడూ కుడి పక్కనే కూర్చోమనేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

“పెద్దమ్మా, అందరి పేర్లు నీకెందుకు? జనాభా లెక్కలు రాస్తున్నవా?”

ఆమె నవ్వలేదు. ఇక్కడికి రాకముందు ఇజ్రాయెల్‌లో ఒక ముసలావిడను చూసుకునే పని చేసిందట.

“రోజూ ఒకే బస్సు బాబూ. పక్క సీట్లో కాలేజీకి వెళ్ళే పిల్ల. ఏడాదిపాటు నవ్వుకున్నాం, కమలాపండు తొనలు పంచుకున్నాం. భాష రాదని సిగ్గుపడి పేరు మాత్రం అడగలేదు. ఒక పొద్దున్న ఎవడో నడుముకు బాంబు కట్టుకుని ఎక్కాడు. నాకు చెవి పోయింది, ఆ పిల్ల ప్రాణమే పోయింది. నీ పక్కన కూర్చున్నదెవరని ఆస్పత్రిలో పోలీసు అడిగితే చెప్పలేకపోయాను.”

నాకింకో ముద్ద పెట్టి అంది. “మన బస్సులో ముందు సీటు పెద్దాయన లేడూ, గాజా ఆయన? ఆయన తమ్ముడి పిల్లలూ బాంబులకే పోయారు. వాళ్ళ పేర్లు అడిగి నేర్చుకున్నాను, ప్రార్థనలో చెబుతాను. ఆ కాలేజీ పిల్లకే పేరు లేదు.”

“పెద్దమ్మా, నా పేరు రాజు గాదు. లింగయ్య” అన్నాను.

డబ్బా మూత టపీమని మూసేసింది. “నీ దుంప తెగ! రేపు నీకేమన్నా అయితే మీ ఆవిడకి ఏ రాజు పోయాడని చెప్పను?” బస్సంతా తిరిగి చూసింది. తిట్టడం అయ్యాక మళ్ళీ మూత తీసి నా ముందుకు తోసి, ఫోన్లో నా నంబరు మీది ‘రాజు’ను ‘దొంగ రాజు’ చేసి, నా ఊరూ మా ఆవిడ పేరూ ఎక్కించుకుంది.

తర్వాత నేను జ్వరంతో ఒక శుక్రవారం రాకపోతే, లింగయ్య ఏడని బస్సంతా అడిగి, నేపాలీ చేత క్యాంపుకు మందులు పంపింది. సైటులో నేనొక హెల్మెట్ నంబరును. ఆమె దగ్గర మనిషిని. ఆ రుణం తీరేది కాదు.

“అమ్మ ఫోన్లో బస్సువాళ్ళు చాలామంది ఉన్నారండీ. ఎవరికి ఏ భాషలో చెప్పాలో” అంది కూతురు.

“నువ్వు పరేషాన్ గాకు చెల్లె. నేను చెప్త.”

శుక్రవారం సీటు సీటుకూ ఆగి చెప్పాను. గాజా పెద్దాయన కళ్ళు మూసుకుని, ఆమె పేరు తన యాసలో మూడుసార్లు అన్నాడు. మెసైమీర్‌లో ఎక్కిన కొత్త మనిషి ఒకడు పోయి ఆమె సీట్లోనే కూర్చున్నాడు. చేతిలో కరీంనగర్ బట్టల షాపు సంచి.

“పేరేందన్నా?” అడిగాను.

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. సంచి దగ్గరికి లాక్కున్నాడు.

“రాజు” అన్నాడు.

“సరే రాజన్నా, జర జరుగు” అని పక్కన కూర్చుని, నేను చేసిన పులిహోర డబ్బా మూత తీశాను.